బుజ్జి చేసుకున్న మిర్గం

మానుకోట దవాఖాన,
జూన్ 3, 2025

అత్తమ్మా,

ఐలేశన్న పాల వ్యాన్ గేటు కాడ ఆపి హారన్ కొడుతున్నడు, అందుకని ముఖ్యమైంది ముందు రాస్తున్న. బుజ్జి బాగుంది. బాగుందంటే నిన్న ఎట్లుందో ఇయ్యాల గట్లనే ఉంది. ఇక్కడ దాన్నే బాగుండటం అంటరు.

ఫోన్ ఉండంగ ఈ కాగితాలేందని అడుగుతవు. ఫోన్ చేస్తే ఏమైతదో మొన్న చూసినం గద. "ఎట్లుంది బిడ్డా" అని నువ్వు అన్నవు, నేను ఏడ్చిన, నేను ఏడ్చిన్నని నువ్వు ఏడ్చినవు. చెప్పాల్సింది ఒక్కటి చెప్పుకోలే. లోపలికి ఫోన్లు రానియ్యరు గూడ. రోజూ అన్నం డబ్బ ఎట్లాగూ పంపుతున్నవు, అండ్లనే నాలుగు మాటలు రాసి పెట్టు. కాగితం మీద రాసేటప్పుడు ఏడ్చినా చదివేటోళ్లకు కనపడదు.

ఇగ నెయ్యి పంపకు. శిరీష సిస్టర్ సీసా చూసి నవ్వి వాపస్ ఇచ్చింది. ఏడో నెలలనే తోసుకొచ్చిన పిల్ల, దాని కడుపు ఇంక పాలు అరిగించుకునే కడుపు కాదట. నేను పిండి ఇచ్చిన పాలు ముక్కు గొట్టంలోంచి చుక్కలు చుక్కలు వేస్తరు. అది తిండి కాదు, కడుపుకు అలవాటు చేసుడు. అసలు తిండి అంతా నరంలోంచే పోతది. ఒక సిరంజిల చక్కెర నీళ్ల లాంటిది. ఇంకో సిరంజిల తెల్లగ, అచ్చం పాల లెక్క ఉంటది. వెలుతురు తగిలితే పాడైతదని దాని గొట్టానికి గోధుమరంగు తొడుగు వేసిన్రు. మిషన్ దాన్ని ఎంత మెల్లగ తోస్తదంటే, చూసుకుంట నిలబడితే కదిలినట్టే ఉండదు.

అదేందని అడిగితే సిస్టర్ "గది ఫ్యాటమ్మా" అన్నది. నాకు నువ్వు యాదికొచ్చినవు. పొద్దుగాల పాల కేంద్రం తలుపు తియ్యంగనే నువ్వు అడిగే మాట అదే గద, ఇయ్యాల ఫ్యాట్ ఎంత అని.

తిరుపతి బావకు భూపాలపల్లి కాడ చెల్పూర్ కరెంటు ప్లాంటుల ఇంక సెలవు దొరకలేదట. నువ్వైనా గట్టిగ చెప్పు, నీ కొడుకే గద. మా నాయిన చెల్లెవని చిన్నప్పుడు అత్తా అన్న, కొడుకుని కట్టబెట్టినంక అత్తమ్మా అంటున్న. రెండు తీర్ల నీమీద నాకు హక్కున్నది. మళ్ల హారన్ కొడుతున్నడు.

నీ రూప

కొడకండ్ల,
జూన్ 5

రూపా,

నువ్వు రాసింది డబ్బ మూతల పెట్టినవు, పప్పు తాకి ఒక మూల పచ్చగైంది. పాల కేంద్రం కాడ లైన్ల ఉన్నోళ్లు చూస్తుండంగనే నిలబడి చదివిన. చదివినంక ఎర్రయ్య పాలకు చిలుకమ్మ పేరు చెప్పిన, చిలుకమ్మ పాలకు ఎర్రయ్య పేరు చెప్పిన. ఇద్దరు నామీద పడ్డరు. పడితే పడనియ్యి, నా పానం ఇక్కడ లేదు.

నాకొకటి చెప్పు. నరంలకు పాలు ఎక్కించుడు ఎక్కడన్న ఉన్నదా? నేను పొద్దు మాపు పాలతోనే బతికేదాన్ని, ఫ్యాట్ అంటే నాకు తెలువదా. అది బర్రెదా, ఆవుదా? బర్రెదైతే చిక్కగుంటది, దారమంత నరంల ఎట్ల పోతది? సిస్టర్‌ను అడుగు. సిగ్గుపడకు, అడిగితే ఎవ్వలు కొట్టరు.

ఇగ అసలు ముచ్చట. మంగళవారం నాడు కురవి వీరన్నకు మొక్కిన. పిల్ల సల్లగ ఇల్లు చేరేదాక మన ఇంట్ల ఎవ్వలం నీసు ముట్టమని. కోడి లేదు, చేప లేదు, గుడ్డు గూడ లేదు. ఒక్కొక్కరి పేరు చెప్పి మొక్కిన. నా పేరు, మీ మామ పేరు, తిరుపతి పేరు, నీ పేరు. ఆఖరుకు పిల్లను గూడ చెప్పిన. దానికి ఇంక పేరు పెట్టలే గద, రూప బిడ్డ అన్న. నోట్ల పండ్లు లేని పిల్ల ఏం తింటదని మొక్కుతున్నవే అని మీ మామ యాకయ్య నవ్విండు. ఇంటి మనిషంటే ఇంటి మనిషే, పండ్లుంటేంది లేకుంటేంది అన్న.

ఆదివారం మిర్గం. మృగశిర కార్తె పడ్డనాడు చేప తినకుండ నేను పుట్టినంక ఒక్క ఏడు లేను. వాన పడుతుంటే కొర్రమీను పులుసు కమ్మటి వాసనొస్తుంటే నాకు దేవుడు గూడ గుర్తుండడు, నీకు తెలుసు. ఈ ఏడు పప్పుచారు. మీ మామ ఇప్పటి నుంచే పక్కనున్న చిలుకమ్మ ఇంటి పొయ్యి దిక్కు చూసుకుంట తిరుగుతున్నడు. తిరుపతికి ఫోన్ చేసి క్యాంటీన్ల గుడ్డు పెడితే పక్కకు జరుపుమన్న. బొగ్గు బెల్టు కాడ దుమ్ముల పని చేసేటోన్ని, గుడ్డు లేకుంటే ఎట్లనే అమ్మా అన్నడు. బెల్లం బుక్కు అన్న.

డబ్బల ఎల్లిపాయ కారం పెట్టిన. కడుపు నిండ తిను. నువ్వు తింటేనే నీకు పాలు పడతయి, ఆ చుక్కలన్న దానికి దొరుకుతయి. నాకు ఒక్కకాడ కూసుంటే కాళ్లు ఆగుతలేవు. పెరట్లకు పోత, ఎందుకొచ్చిన్నో మర్చిపోత.

ఉప్పలమ్మ

మానుకోట,
జూన్ 8, ఆదివారం

అత్తమ్మా,

బర్రెది కాదు, ఆవుది కాదు. నీ ప్రశ్న విని శిరీష సిస్టర్ మందుల ట్రే పట్టుకొని నవ్వలేక గోడకు ఆనుకున్నది. తర్వాత కుదురుగ చెప్పింది. అందులో సోయా నూనె ఉంటదట, కొబ్బరి నూనె, ఇంకేదో నూనె, ఇగ చేప నూనె. నీళ్లల్ల నూనె కలవదు గద, అందుకని కోడిగుడ్డు సొనలోంచి తీసిన ఏదో వేసి గిలకొడతరట. అందుకే తెల్లగ పాలలెక్క కనపడతది.

చేప నూనె, గుడ్డు సొన. అర్థమైందా అత్తమ్మా? ఊరంత చేపలు తినే రోజు మన ఇంటిల్లిపాది పప్పుచారు తింటున్నం. మీ మనుమరాలు ఒక్కతే గాజు పెట్టెల కాళ్లు చాపుకొని పండుకొని మిర్గం చేసుకుంటున్నది. పండ్లు లేకున్నా. మామకు చెప్పు, కుళ్లుకుంటడు. నువ్వు ఒక్కదాన్ని విడిచిపెట్టకుండ పేర్లు చెప్పి మొక్కినవు, అది ఒక్క రోజు గూడ నీ మాట వినలే. అచ్చం నీ మీదికే పోయింది.

వీరన్న ఏమనుకోడులే. మందు గద.

జూన్ 9

నిన్న వ్యాన్ వచ్చినప్పుడు నేను లోపల ఉన్న, పైన రాసింది పంపలేకపోయిన. చింపేద్దామనుకున్న గని ఇంకో కాగితం దొరకలే. మోకాలి మీద పెట్టుకొని రాస్తున్న, అక్షరాలు చూసి తిట్టకు.

నిన్న మాపటికి బుజ్జి రంగు మారింది. ఎర్రగుండేది బూడిద రంగుకు తిరిగింది. ఊపిరి తీసుకుంటది, మర్చిపోతది. మర్చిపోయినప్పుడల్లా మిషన్ మొత్తుకుంటది, సిస్టర్ ఉరికొచ్చి అరికాలు మీద చిటికేస్తది, మళ్ల తీసుకుంటది. ఇన్ఫెక్షన్ రక్తంలకు చేరిందట. నెలలు నిండని పిల్లలకు కొట్లాడే బలం ఉండదు, ఎక్కడి నుంచి ఎట్లొస్తదో చెప్పలేమని డాక్టర్ మేడం అన్నది. పెద్ద మందులు మొదలుపెట్టిన్రు. ముక్కు గొట్టంల నా పాలు గూడ బంద్ చేసిన్రు. నరంలది ఒక్కటే మిగిలింది.

నన్ను బయటికి పంపిన్రు. పిండిన పాలు గిన్నెల పట్టుకొని వరండాల నిలబడ్డ, ఎవరికియ్యాల్నో తెలువలే.

బావకు కబురు చెయ్యి. రమ్మను.

రూప

కొడకండ్ల,
జూన్ 10

రూపా,

నీ కాగితం సగం దాక నవ్వుకుంట చదివిన. ఆ తర్వాత ఏం రాయాలె బిడ్డా.

ఆదివారం నాడు పొద్దుగాల నువ్వు నవ్వినవు. ఆదివారం నాడు మాపటికి పిల్ల రంగు మారింది. ఇంత కంటే సాఫ్‌గ ఎవ్వలు చెప్తరు? నేను మొక్కుకున్న నోటితోనే చెప్పిన, రూప బిడ్డ గూడ నీసు ముట్టదని. వీరన్నతోని ఆటలాడొద్దు. ఆయన కోపం నీకు తెలువదు, మా అమ్మకు తెలుసు.

ఆ తెల్లది ఆపుమను. చక్కెర నీళ్లు ఉన్నయి గద, అవ్వి చాలు. చేప లేని నూనె ఉంటే అది పెట్టుమను, గుడ్డు లేంది ఉంటే అది పెట్టుమను. లేకుంటే ఏది పెట్టకుమను. నువ్వు చెప్పకుంటే తిరుపతి చెప్తడు. పొద్దుగాలనే వానికి ఫోన్ చేసిన. సెలవు ఇయ్యకుంటే పని ఇడిసిపెట్టి పో, పోయి డాక్టరమ్మ ముందర నిలబడి ఆపియ్యి అని చెప్పిన. భూపాలపల్లి నుంచి రేపు బయలుదేరుతున్నడు.

పత్తి గింజలు పెట్టాల్సిన నేల పదును పోతున్నదని మీ మామ లొల్లి. పోనియ్యి అన్న. పాలు పొంగి పొయ్యిల పడ్డయి, చూసుకుంట నిలబడ్డ. నాకు నవ్వు రాసిన కాగితం ఇంకోటి పంపకు.

మీ అత్త

మానుకోట,
జూన్ 12

అత్తమ్మా,

నువ్వు అనుకున్నది అయింది. సంతోషంగ ఉండు.

నిన్న బావ వచ్చిండు. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కొని, నాతోని ఒక్క మాట మాట్లాడకుండ మేడం గది కాడికి పోయిండు. తలుపు అద్దంలోంచి చూసిన. చేతులు కట్టుకొని నిలబడి ఏదో చెప్తున్నడు, మేడం తల ఊపుతున్నది. షిఫ్టుందని ఆయన వచ్చిన కాళ్లతోనే బస్సెక్కి పోయిండు. ఆ వెంటనే సిస్టర్ వచ్చి తెల్ల సిరంజి తీసేసింది. గోధుమరంగు గొట్టం చుట్టి చెత్త డబ్బల వేసింది. నేను చూస్తున్న.

దాని కాళ్లు నువ్వు చూడలే. నా చిటికెన వేలంత ఉంటయి. చర్మం కింద ఏం లేదు అత్తమ్మా, చర్మం, ఎముక, గంతే. ఒంట్ల ఇంత కొవ్వు లేని పిల్ల. నువ్వు పొద్దుగాల లేస్తే బర్రెల పాలల్ల ఫ్యాట్ తగ్గిందని ఊరోళ్లతోని కొట్లాడతవు. నీ మనుమరాలికి మాత్రం అది అక్కరలేదా?

నన్ను పెంచినవు, నువ్వు ఏం చేసినా నా మంచికే అనుకున్న ఇన్నేండ్లు. ఇప్పుడు నా బిడ్డను ఆకలికి పెట్టినవు. నువ్వు పంపిన అన్నం నాకు దిగదు. డబ్బ తెరిచి కాగితం పెడుతున్న, అన్నం ముట్టలే. ఇగ పంపకు.

రూప

మానుకోట బస్టాండు,
జూన్ 13

రూపా, బిడ్డా,

ఇది బస్టాండ్ల బెంచి మీద కూసొని రాస్తున్న. నువ్వు చదివేటప్పటికి నేను తొర్రూరు దాటుత.

నిన్న ఐలేశ్ డబ్బ తెచ్చి ఇస్తే చేతులకు బరువు తగిలింది. మీ తాత పోయిననాడు నేను పంపిన గిన్నె గూడ గట్లనే నిండుగ తిరిగొచ్చింది. ఆ ఇంట్ల తినేటోళ్లు లేరని గిన్నెను చూసే తెలుసుకున్న. ఐలేశ్‌ను అడగకుండనే దర్వాజ దిక్కు తిరిగిన. వాడు వ్యాన్ తిప్పుకొని పోయిండు, వానికేం తెలుసు. డబ్బ దర్వాజ కాడ పెట్టుకొని కూసున్న. మీ మామ తియ్యే అన్నడు. తియ్యను అన్న. మూత తియ్యనంతసేపు పిల్ల ఉన్నట్టే గద అన్న. ఆయన గూడ నా పక్కన కూసున్నడు. మాపటి పాలకు జనం వచ్చి, మమ్ముల చూసి, క్యాన్లు పట్టుకొని వాకిట్ల నిలబడ్డరు. ఆఖరుకు చిలుకమ్మ వచ్చి మూత తీసింది.

నువ్వు నన్ను తిట్టినవు. రూపా, నీ తిట్లు చదివి నేను ఎంత సంబురపడ్డనో రాస్తే నువ్వు నమ్మవు. పిల్ల లేకుంటే ఇంత కోపం రాయవు గద. నా బిడ్డను ఆకలికి పెట్టినవు అని రాసినవు, అంటే ఆకలైతున్నది, అంటే ఉన్నది. ఆ ఒక్క ముక్క నేను చదివింది చాలక చిలుకమ్మతోని గూడ మళ్ల మళ్ల చదివిపిచ్చుకున్న.

ఆ సంబురం దిగినంక గుబులు పట్టుకున్నది. ఆపుమన్నది నేనే. ఆపితే దానికి ఆకలైతదని నాకు తట్టలే. నిజంగ తట్టలే. నీసు పోతది అనుకున్న గని, తిండి పోతదనుకోలే. తిరుపతికి ఫోన్ కలుస్తలేదు, వాడు షిఫ్టుల ఉన్నడు.

అందుకే పొద్దుగాల మొదటి బస్సుకు కురవి పోయిన. వీరన్న ముందర నిలబడి గట్టిగనే మాట్లాడిన, పక్కనున్నోళ్లు చూసిన్రు. పిల్ల పేరు మొక్కుల నేను పెట్టిన, అది పెట్టుకోలే. అది నోటితోని తినలే, అడిగి తినలే. దాని వంతు నామీదికి మార్చుకో అన్న. అది తిన్న చేపకు బదులు నేను చేప ఇడిసిపెడ్త, పిల్ల ఇల్లు చేరేదాక కాదు, నేను బతికినన్ని దినాలు. ఇగ నువ్వు నువ్వు, నేను నేను, దాని జోలికి రాకు అన్న. దండం పెట్టి, వెనుకకు తిరిగి చూడకుండ వచ్చిన.

నువ్వు డాక్టరమ్మకు చెప్పు. మళ్ల పెట్టుమను. చేపదైనా, గుడ్డుదైనా, ఏదైనా పెట్టుమను. మా అత్త తెలివి తక్కువది, దాని మాట పట్టుకోకుండ్రి అని చెప్పు.

దవాఖాన గేటు దాక వస్త. కొత్త డబ్బ, ఈ కాగితం గేటు కాడి మనిషికిచ్చి పోత. లోపలికి తల్లిని ఒక్కదాన్నే రానిస్తరు. రానిచ్చినా నీకు మొఖం చూపియ్యలేను. అన్నం తిను. నామీద కోపంతోనన్న తిను.

ఉప్పలమ్మ

మానుకోట,
జూన్ 14

అత్తమ్మా,

గేటు దాక వచ్చి ఎట్ల పోయినవు? పచ్చ చీర ముసలామె చెట్టు కింద నిలబడి ఈ బిల్డింగు దిక్కు చూసి చూసి పోయిందని గేటు కాడి సంజీవ చెప్పిండు. నేను ఉరికొచ్చిన. నువ్వు లేవు. గుడ్డు లేని, చేప లేని అన్నం డబ్బ పట్టుకొని అక్కడే మెట్ల మీద కూసొని తిన్న. అంత తిన్న. చూసేటోళ్లు నన్ను ఎన్ని దినాల నుంచి తిననిదో అనుకున్నరు.

ఆపింది నువ్వు కాదు. బావ కాదు. ముందు ఈ మాట చదువు, తర్వాత మిగిలింది.

నువ్వు రాసింది చదివి మేడం కాడికి పోయిన. మళ్ల పెట్టుండ్రి, మా అత్తమ్మ మాట పట్టుకోకుండ్రి అన్న. మేడంకు ఏం అర్థం కాలే. "ఏ అత్తమ్మ?" అన్నది. మొత్తం చెప్పిన. మిర్గం, మొక్కు, అన్నం డబ్బ, అన్నీ. ఆమె నవ్వలే. లోపలి నుంచి ఒక చిన్న గాజు గొట్టం తెప్పించి చూపించింది. పరీక్షకు తీసిన బుజ్జి రక్తం. ఎర్రది కిందికి దిగింది. పైన తేటగ ఉండాల్సింది తెల్లగ ఉన్నది. కాగిన పాల మీద మీగడ కట్టినట్టు అత్తమ్మా, నువ్వు చూస్తే నాకంటే ముందు గుర్తుపడుదువు.

ఒళ్లు ఇన్ఫెక్షన్‌తోని కొట్లాడుతున్నప్పుడు ఆ కొవ్వును వాడుకునే తీరిక దానికి ఉండదట. పోసిందంతా రక్తంలనే మిగిలిపోతదట. అందుకని ఆపింది. అట్లని ఎక్కువ దినాలు ఆపుడు గూడ మంచిది కాదు, పిల్ల పెరగాలన్నా మెదడు తయారుగావాలన్నా కొవ్వు కావాలె, రక్తం జర తేటగ కాంగనే మళ్ల కొంచెం కొంచెం మొదలుపెడ్త అన్నది. "మీకు ఆ రోజే చెప్పిన గదమ్మా" అన్నది. చెప్పే ఉంటది. ఆ పొద్దు నా చెవులకు మిషన్ చప్పుడు తప్ప ఏం ఎక్కలే.

చేప నూనెకు, ఇన్ఫెక్షన్‌కు ఏం సంబంధం లేదట. అది గూడ అడిగిన, నీకోసం. నాకోసం గూడ. నవ్వుకుంట రాసినప్పటి నుంచి నాకు లోపల పీకుతనే ఉన్నది.

మాపటికి బావ ఫోన్ కలిసింది. ఆ రోజు మేడంతోని ఏం చెప్పినవని నిలదీసిన. బెల్టు చప్పుడు దూరమైంది, పక్కకు నడిచినట్టున్నడు. తర్వాత అన్నడు, "అమ్మ చెప్పుమన్నదే చెప్దామని పోయిన. ఆమె ముందర నిలబడంగనే అది నోట్లకెళ్లి రాలే. మా పిల్ల బతుకుతదా మేడం అని గదొక్కటే అడిగిన. ఇంకేం అడగలే." చేతులు కట్టుకొని నిలబడ్డది అందుకు. నేను అద్దంలోంచి ఇంకేదో చూసిన.

డబ్బ వాపస్ పంపుడు నీకు గట్ల తగులుతదని నాకు తెలువదు. మీ ఇద్దరు దర్వాజ కాడ కూసున్నది మూడుసార్లు చదివిన. తిట్టు అత్తమ్మా. కలిసినప్పుడు నోరారా తిట్టు.

బుజ్జి ఇంక బూడిద రంగులనే ఉన్నది. ఊపిరి మర్చిపోవుడు మాత్రం నిన్నటి కంటే తక్కువ. గంతే. ఇంతకంటే మంచి మాట ఇయ్యాల నా కాడ లేదు.

నీ రూప

కొడకండ్ల,
జూన్ 17

రూపా,

తిట్లు నువ్వొచ్చినంక. అవి కాగితంల పట్టయి.

ఆపింది నేను కాదని చదివినంక ఒక పూట మంచిగ నిద్రపోయిన. లేవంగనే మళ్ల మొదలు. రక్తం తేట అయిందా? మళ్ల పెట్టిన్రా? ఐలేశ్ వ్యాన్ రోడ్డు మలుపు తిరగంగనే నేను కేంద్రం ఇడిసి ఉరుకుతున్న. వాడు డబ్బ ముందుగల్ల ఊపి చూపిస్తున్నడు, ఖాళీది అవ్వా, తిన్నది అవ్వా అని. వానికి నేనే నేర్పిన.

ఇయ్యాల ఫ్యాట్ ఎంత? గదొక్కటి రాయి.

అత్త

మానుకోట,
జూన్ 19

అత్తమ్మా,

నిన్న మళ్ల పెట్టిన్రు. కొంచెమే, నీ కేంద్రంల అయితే ఈ పాలు నీళ్ల పాలని పారపోస్తవు. రక్తం తీసి చూసిన్రు, పైన తేటగ ఉన్నది. నేను గూడ చూస్త అన్న, చూపించిన్రు. నాకు అద్దం లెక్క కనపడ్డది.

ఇయ్యాల నిన్నటి కంటే జర ఎక్కువ పెట్టిన్రు. మేడం ఇంక గండం దాటిందని అంటలేదు. నేను గూడ అడుగుతలేను. శిరీష సిస్టర్ మాత్రం పోయేటప్పుడు, "ఇయ్యాల ఒక్కసారి గూడ చిటికె వెయ్యలేదమ్మా" అని చెప్పి పోయింది.

రూప

మానుకోట,
జూలై 12

అత్తమ్మా,

తెల్ల సిరంజి నిన్న తీసేసిన్రు. ఈసారి నేను భయపడలే. ఇగ నరంలకు అక్కరలేదట, గొట్టంల నా పాలు సరిపోను తాగుతున్నది. ఇయ్యాల చెంచాతోని తాగింది. సగం బట్టల మీదనే పోసుకున్నది గని, మింగింది. నాలుక ఎట్ల ఆడిస్తదనుకున్నవు. గోధుమరంగు గొట్టం ఈసారి సిస్టర్ చెత్త డబ్బల వెయ్యబోతుంటే ఒక్క నిమిషం ఆగుమని చేత్తోని ముట్టి చూసిన. చల్లగున్నది.

బుగ్గ వచ్చింది అత్తమ్మా. ఎడమ దిక్కు కొంచెం, కుడి దిక్కు గూడ. తొడ మీద మడత పడ్డది. నాకు ఏడుపొచ్చింది. ఫోన్ చేద్దామనుకొని, మళ్ల గదే అయితదని చెయ్యలే.

ఇంకో వారం పది రోజులకు పంపిస్త అన్నది మేడం. బావ సెలవు అడిగిండు, ఈసారి ఇచ్చిన్రు.

ఒక మాట. మందుల ఉన్నది నీసు లెక్క కాదని మేడం అన్నది, మామ గూడ గదే అంటడు. కురవిల మాట వెనక్కి తీసుకో అత్తమ్మా. కొర్రమీను పులుసు లేకుండ నిన్ను నేను ఊహించుకోలేను. కావాలంటే నేను ఇడిసిపెడ్త, నాకు చేప మీద అంత ఆశ లేదు.

నీ రూప

కొడకండ్ల,
జూలై 14

బిడ్డా,

మడత పడ్డదని రాసిన కాడ వేలు పెట్టి మీ మామకు చూపిచ్చిన. ఆయన కండ్లద్దాలు లేక చదవలే, చదివిన అన్నడు.

ఇల్లు సున్నమేసినం. పిల్లను పట్టుకొని గడప దాటినంక మీ అందరి మొక్కు తీరినట్టే. మీ మామ ఆ రోజుకే కోడిని కట్టేసిండు, రోజు దాంతోని మాట్లాడుతున్నడు. తిరుపతిని గుడ్డు తినుమను, మళ్ల బొగ్గుల పని చెయ్యాలె. నువ్వు గూడ తిను. నీకు చేప మీద ఆశ లేదని రాసినవు, ఆశ లేంది ఇస్తే దేవుడు తీసుకుంటడా. నాకు ఆశ ఉన్నది గనుకనే ఇచ్చిన. ఇచ్చింది నేను మళ్ల అడుక్కోను. మందో నీసో డాక్టరమ్మ, మీ మామ చూసుకోనియ్యి. నేను వీరన్న ముందర నోరు తెరిచి అన్న, పిల్ల బతికింది. ఇగ నాకు అండ్ల మాట్లాడేది లేదు. దాని మీద నువ్వు ఏడ్వకు, చిలుకమ్మ ఇంటి వాసన వస్తే ముక్కు మూసుకుంట గంతే.

వచ్చే మిర్గానికి దానికి పండ్లొస్తయి. కొర్రమీను తెప్పిస్త. పులుసు నేనే వండుత, ఉప్పు నువ్వు చూడాలె. ముల్లు తీసి దాని నోట్ల నేనే పెడ్త. తినుడు ఇడిసిపెడ్త అన్న గని, ముల్లు తీసుడు ఇడిసిపెడ్తనని వీరన్నకు చెప్పలే.

మీ అత్త ఉప్పలమ్మ